గాయకుడు లేని గిటారు: రాక్ నుంచి జాజ్ వైపు జెఫ్ బెక్ వేసిన దారిలో నడవాలంటే ఏం నేర్చుకోవాలి?

హన్మకొండ_ఆరుతీగలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఉంటాను. పదకొండేళ్లుగా రాక్ బ్యాండ్‌లో లీడ్ గిటారు వాయిస్తున్నాను. కాలేజీ ఉత్సవాల వేదికల మీద మొదలైన బ్యాండ్ మాది, తరువాత హైదరాబాదులోనూ కొన్ని కచేరీలు చేశాం. ఇన్నేళ్లలో నేను వాయించినదంతా వెనక్కి తిరిగి చూసుకుంటే, గాయకుడు ఒక చరణం ముగించి ఇంకో చరణం ఎత్తుకునే లోపు దొరికిన కాస్త జాగాలోనే సాగింది. కిందటేడు మా గాయకుడు ఉద్యోగం మీద పుణె వెళ్లిపోయాడు. ఇంకొకరిని వెతుక్కోవడానికి బదులు, మాటలు లేకుండా, జాజ్ వైపు మొగ్గే ఐదారు రచనలు నా సొంత పేరుతో రికార్డు చేయాలని నిశ్చయించుకున్నాను.

ఈ ఆలోచనకు మూలం జెఫ్ బెక్ 1975లో విడుదల చేసిన ‘బ్లో బై బ్లో’. అప్పటికే ఆయన పేరున్న రాక్ గిటారిస్టు. 1965లో ఎరిక్ క్లాప్టన్ ఖాళీ చేసిన గిటారిస్టు స్థానంలో యార్డ్‌బర్డ్స్ అనే రాక్ బృందంలో చేరారు, ఆ తరువాత రాడ్ స్టీవర్ట్ గొంతుతో సొంత బృందాన్ని నడిపారు. పదేళ్లు గాయకుల పక్కన నిలబడి వాయించిన మనిషి, గాయకుడే లేని తొమ్మిది రచనల ఆల్బమ్‌తో ముందుకొస్తే, అది అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితాలో 4వ స్థానం దాకా వెళ్లింది. బీటిల్స్ రికార్డుల వెనక ఉన్న జార్జ్ మార్టిన్ దానికి నిర్మాత. నేను ఆ ఆల్బమ్‌ను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒక్కసారి కూడా నాకు ‘ఇక్కడ గాయకుడు ఉంటే బాగుండేది’ అనిపించలేదు.

నా సొంత ప్రయత్నం మాత్రం అలా రాలేదు. ఇంట్లోనే బ్యాకింగ్ ట్రాక్ (ముందే రికార్డు చేసి పెట్టుకున్న తోడు వాద్యాలు) మీద ఒక రచన రికార్డు చేసి మా నాన్నకు వినిపించాను. సి మైనర్‌లో నెమ్మదిగా సాగే రచన, దాదాపు ఐదు నిమిషాల నిడివి. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా మూడు నిమిషాలు విన్నారు. ఆ తరువాత నా వైపు తిరిగి, ‘పాట ఎప్పుడు మొదలవుతుంది?’ అని అడిగారు. ఆయన వేళాకోళానికి అనలేదు, నిజంగానే ఎదురుచూస్తూ కూర్చున్నారు. నా లెక్కలో అప్పటికి పాట సగం అయిపోయింది. ఆ ప్రశ్న నన్ను నెల రోజులుగా వదలడం లేదు.

నాకు తెలిసిన వాళ్లను అడిగితే ఒకరు జాజ్ కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు) నేర్చుకోమన్నారు, ఇంకొకరు వేగం పెంచమన్నారు, మరొకరు బెక్ వాయించినది అసలు జాజే కాదని తేల్చేశారు. రాక్ గిటారిస్టుకు జాజ్ వైపు వెళ్లేటప్పుడు నిజంగా తక్కువ పడేది ఏమిటి? బెక్ దాన్ని ఎక్కడ నుంచి తెచ్చుకున్నారు? మన ప్రాంతంలో కూర్చుని దాన్ని సాధన చేసే మార్గం ఉందా? అనుభవమున్న వారు దయచేసి వివరంగా రాయగలరు.

---

కాజీపేట_కీబోర్డు

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ ఆల్బమ్ అట్ట మీద ఒక్కరి పేరే ఉంది కాబట్టి అది ఒక్కరి పని అనుకోకు. 1974 అక్టోబరులో లండన్‌లోని ఎయిర్ స్టూడియోలో బెక్ పక్కన ముగ్గురు కూర్చున్నారు. జమైకాలో పుట్టిన ఫిల్ చెన్ బేస్, ట్రినిడాడ్ నుంచి వచ్చిన యువకుడు రిచర్డ్ బెయిలీ డ్రమ్స్, మాక్స్ మిడిల్టన్ కీబోర్డు. వీరిలో మిడిల్టన్ 1971 నుంచీ బెక్ బృందంలో ఉన్నవాడే. ‘ఫ్రీవే జామ్’ రచన ఆయనదే. ఆ ఆల్బమ్‌లో జాజ్ అని నువ్వు వింటున్న రంగులో చాలా భాగం ఆయన ఫెండర్ రోడ్స్, క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డుల మీద పరిచిన కార్డ్స్‌లోనే ఉంది. గిటారు మాత్రం చాలాచోట్ల బ్లూస్ భాషే మాట్లాడుతుంది. కింద పరిచిన నేల మారింది కాబట్టి అదే మాట వేరే అర్థం ఇస్తుంది.

నీ రచన సి మైనర్‌లో ఉందన్నావు కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. నువ్వు పెంటటానిక్ అనే ఐదు స్వరాల పెట్టెలోనే తిరిగి ఉంటావని నా ఊహ, ఎందుకంటే రాక్ నుంచి వచ్చిన మనందరి వేళ్లు అక్కడికే పోతాయి. ఆ పెట్టెలో ఉన్నవి సి, ఈ ఫ్లాట్, ఎఫ్, జి, బి ఫ్లాట్ అనే ఐదు స్వరాలు. ఇప్పుడు కింద ఎఫ్ మైనర్ సెవెన్త్ మోగిందనుకో. ఆ కార్డ్ మైనర్ అని చెవికి చెప్పేది దానిలోని మూడో స్వరమైన ఏ ఫ్లాట్. అది నీ పెట్టెలోనే లేదు. జి సెవెన్త్ వచ్చిందనుకో, దానికి బి నాచురల్ కావాలి, నీ దగ్గరున్నది బి ఫ్లాట్. బ్లూస్‌లో ఆ రాపిడి ఒక అందమే, నేను కాదనను. అయితే ఐదు నిమిషాల పాటు కింద కార్డ్స్ మారుతూ పోతుంటే పైన గిటారు ఏమీ జరగనట్టు అవే ఐదు స్వరాలను తిప్పుతూ ఉంటే, వినేవాడికి కథ కదులుతున్నట్టు అనిపించదు. నాన్నగారు ‘పాట ఎప్పుడు’ అని అడగడానికి ఇది ఒక కారణం అయి ఉండవచ్చు.

సాధన ఇలా చెయ్యి. ఒక్కో కార్డ్ నుంచి మూడో స్వరాన్ని, ఏడో స్వరాన్ని మాత్రమే తీసుకో. ఎఫ్ మైనర్ సెవెన్త్‌కు ఏ ఫ్లాట్, ఈ ఫ్లాట్. జి సెవెన్త్‌కు బి, ఎఫ్. సి మైనర్ సెవెన్త్‌కు ఈ ఫ్లాట్, బి ఫ్లాట్. ఇప్పుడు జి సెవెన్త్ నుంచి సి మైనర్‌కు వెళ్లేటప్పుడు గమనిస్తే, ఎఫ్ రెండు ఫ్రెట్లు (గిటారు మెడ మీది మెట్లు) దిగి ఈ ఫ్లాట్ అవుతుంది, బి ఒక్క ఫ్రెట్ దిగి బి ఫ్లాట్ అవుతుంది. చేయి పెద్దగా కదలనక్కర లేదు, కానీ కార్డ్ మారిన సంగతి గిటారు ఒక్కటే విన్నా తెలిసిపోతుంది. వారం రోజులు ఈ రెండేసి స్వరాలతోనే, బ్యాకింగ్ ట్రాక్ నెమ్మదిగా పెట్టుకుని వాయించు. ఆ తరువాతే నీ పెంటటానిక్ పదాలను మళ్లీ తెచ్చుకుని వాటి చివర ఈ స్వరాల మీద ఆగు. పాత భాషను పారేయనవసరం లేదు, వాక్యం ఎక్కడ ముగియాలో మాత్రం కింద ఉన్న కార్డ్ చెప్పాలి.

ఇంకొకటి, గిటారిస్టులు సాధారణంగా పట్టించుకోనిది. 1962లో బిల్ ఇవాన్స్ పియానో, జిమ్ హాల్ గిటారు మాత్రమే కలిసి చేసిన ‘అండర్‌కరెంట్’ అనే ఆల్బమ్ ఉంది. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. రెండు వాద్యాలకూ కార్డ్స్ వాయించే శక్తి ఉంది కాబట్టి ఒకదాని మీద ఒకటి పడి అంతా బురద అయ్యే ప్రమాదం అడుగడుగునా ఉంటుంది. ఒకరు సోలో ఎత్తుకున్నప్పుడు రెండోవారు ఎంత తక్కువ వాయిస్తున్నారో, ఏ స్థాయిలో ఉంటున్నారో విను. నీకు కీబోర్డు వాయించేవాడు దొరికాక ఇద్దరూ కలిసి వినవలసిన ఆల్బమ్ అది.

---

కరీంనగర్_శ్రోత

నేను వాద్యకారుణ్ని కాను, ముప్పై ఏళ్లుగా జాజ్ వింటున్న శ్రోతను మాత్రమే. ‘అసలు జాజే కాదు’ అన్నవారి పక్షాన కొంచెం మాట్లాడతాను, ఎందుకంటే వారి మాటలో నిజముంది, ఆ నిజం మీకు పనికొస్తుంది.

1969 ఆగస్టులో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’ ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అందులో ఎలక్ట్రిక్ గిటారు వాయించారు. ఆ తరువాత మెక్‌లాఫ్లిన్ స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రా, అందులోని డ్రమ్మర్ బిల్లీ కోభామ్ 1973లో తెచ్చిన ‘స్పెక్ట్రమ్’, ఇవన్నీ జాజ్ ఇంటి నుంచి బయలుదేరి రాక్ శబ్దాన్ని తెచ్చుకున్నవారి పనులు. బెక్ అదే దారిలో ఎదురు వచ్చారు. మహావిష్ణు ఆర్కెస్ట్రా ‘అపోకలిప్స్’కు 1974లో నిర్మాతగా పనిచేసిన జార్జ్ మార్టినే బెక్‌కూ నిర్మాత కావడం, 1975లో ఆ రెండు బృందాలూ కలిసి అమెరికాలో పర్యటించడం చూస్తే, ఇద్దరూ ఒకే కూడలిలో కలిశారని తెలుస్తుంది. అయినా ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో వాయింపులో వినిపిస్తూనే ఉంటుంది. బెక్‌కు వచ్చిన గ్రామీ అవార్డుల్లో ఎక్కువ భాగం రాక్ వాద్య సంగీత విభాగంలోనివే.

నా దృష్టిలో తేడా వేగంలోనో కార్డ్స్‌లోనో లేదు. జాజ్‌లో సోలో వాయించేవాడితో డ్రమ్మర్, పియానిస్టు ఆ క్షణంలో మాట కలుపుతారు. వారు అన్నదాన్ని బట్టి సోలో దారి మళ్లుతుంది. మరునాడు అదే రచన వేరుగా నడుస్తుంది. రాక్ బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ గట్టిగా ఒక పట్టు పట్టుకుని నిలబడితే గిటారు దాని మీద ఎగురుతుంది. మీరు ఇంట్లో బ్యాకింగ్ ట్రాక్ మీద రికార్డు చేశానన్నారు. ఆ ట్రాక్ మీరు ఏం వాయించినా వినదు, మీకు బదులు చెప్పదు. కాజీపేట కీబోర్డు గారు చెప్పిన సాధన ట్రాక్ మీద చేయవచ్చు, కానీ రికార్డింగ్ మాత్రం ఒక్క మనిషినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయండి. ఆ మనిషికి జాజ్ రాకపోయినా నష్టం లేదు, మిమ్మల్ని వినగలిగితే చాలు.

‘వైర్డ్’ అనే తరువాతి ఆల్బమ్‌లో బెక్, 1959లో చనిపోయిన సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ స్మృతిలో జాజ్ బేస్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ రాసిన ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ వాయించారు. మొదట మింగస్ బృందం రికార్డింగ్ వినండి, ఆ వెంటనే 1976 నాటి బెక్ రికార్డింగ్ వినండి. జాజ్ వారి స్వరకల్పనను రాక్ వేళ్లు ఎలా పట్టుకున్నాయో, ఎక్కడ వదిలేశాయో అంతకంటె స్పష్టంగా తెలిపే జంట నాకు తెలియదు. నాకు మింగస్‌దే ఇష్టం. కానీ రెండోది విన్న తరువాతే మొదటిదానిలో బ్లూస్ ఎంత లోతుగా ఉందో నాకు అర్థమైంది.

---

హన్మకొండ_ఆరుతీగలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్నా, మీ ఊహ నిజమే. నా రికార్డింగ్‌ను మళ్లీ విని రాసుకుంటే, ఐదు నిమిషాల్లో ఏ ఫ్లాట్ ఒక్కసారి కూడా రాలేదు. కింద ఎఫ్ మైనర్ మాత్రం పదహారు సార్లు వచ్చింది. ఇది చూసుకున్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ రెండేసి స్వరాల సాధన మొదలుపెట్టాను. ఇప్పుడు కార్డ్ మారడం వినిపిస్తోంది, నిజం. అయితే అది పాఠంలా వినిపిస్తోంది తప్ప పాటలా వినిపించడం లేదు. సరైన స్వరాలు సరైన చోట పడుతున్నా ఎవరో మాట్లాడుతున్నట్టు ఎందుకు ఉండడం లేదో అర్థం కావడం లేదు.

---

మట్టెవాడ_వయొలిన్

నేను కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని. నాకు జాజ్ శాస్త్రం తెలియదు, కానీ మీ చివరి వాక్యం చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మన దగ్గర వాద్య సంగీతం అంటే నిజానికి మాటలు లేని సంగీతం కాదు. సన్నాయి మీద ఒక కృతి వాయిస్తుంటే వాయించేవారి మనసులో సాహిత్యం నడుస్తూనే ఉంటుంది, తెలిసిన శ్రోత మనసులోనూ నడుస్తుంది. మా గురువుగారు నాకు వయొలిన్ మీద ఏదైనా చెప్పే ముందు పాడించేవారు. పాడలేనిది వాయించనిచ్చేవారు కారు. విల్లు ఎక్కడ తిప్పాలన్నది సాహిత్యంలో మాట ఎక్కడ విరుగుతుందన్న దాన్ని బట్టి ఉండేది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని తలచుకోండి. ఆ చిన్న వాద్యం మీద గమకం నిలవదని పెద్దలు అనుకుంటున్న కాలంలో, జంట తీగలు మాని ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఆయన కృతులు వాయిస్తే, సాహిత్యం వినిపిస్తోందనే జనం మెచ్చుకున్నారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ కృతులే వాయించి మెప్పించారు. ఆ తరువాత మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఏళ్ల తరబడి వాయించారు.

ఇక బెక్ సంగతి. మీరు చెప్పిన ఆల్బమ్‌లో జనం ఎక్కువగా తలచుకునేది ‘కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్’. అది మొదటి నుంచీ గిటారు రచన కాదు. స్టీవీ వండర్ రాసిన పాట, 1974లో సిరీటా అనే గాయని తన ఆల్బమ్‌లో పాడింది. నేను ముందు బెక్‌ది విని, తరువాత సిరీటా పాడింది విన్నాను. రెండోది విన్నప్పుడు, ఆ గిటారు అంతవరకూ నాకు చెబుతున్న మాటలు ఇవేనా అనిపించి ఒళ్లు ఝల్లుమంది. ఆయన సోలో వాయించడం లేదు, పాడుతున్నాడు. కింద పాట ఉంది కాబట్టే పైన గిటారు ఎంత దూరం వెళ్లినా శ్రోత తప్పిపోడు. మీ రచన కింద పాట ఉందా? ఉంటే దాన్ని మీరు నోటితో ఒక్కసారైనా పాడారా?

ఆయన తన జీవితమంతా గొంతు వెంట పడ్డాడనిపిస్తుంది నాకు. ఆ ఆల్బమ్‌లోనే ‘షీ ఈజ్ ఎ ఉమన్’ అనే బీటిల్స్ పాటను టాక్ బాక్స్ పెట్టి వాయించాడు. గిటారు శబ్దాన్ని ఒక ప్లాస్టిక్ గొట్టం గుండా నోట్లోకి పంపి, నోరు తెరిచీ మూసీ అచ్చులు పలికిస్తూ, దాన్ని మైకుకు అందించే సాధనం అది. 1989లో ‘వేర్ వర్ యూ’ అనే రచనలో హార్మోనిక్స్ (తీగను తేలికగా తాకి రప్పించే సన్నని గంట స్వరాలు) మోగించి, వాటిని గిటారు వంతెన దగ్గరున్న ట్రెమొలో బార్‌తో వంచుతూ పాట వరుసంతా పలికించాడు. దానికి ప్రేరణ బల్గేరియా స్త్రీల బృందగానం. 2001 నాటి ఆల్బమ్‌లో నితిన్ సాహ్నీ స్వరపరచిన ‘నాదియా’ వాయించాడు. మూలంలో అది స్వాతీ నాటేకర్ హిందుస్తానీ పద్ధతిలో పాడినది. ఆమె గొంతు జారిన చోటల్లా గిటారు జారింది. మూలాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టుకుని విన్నాక, నా విద్యార్థులకు గమకం గురించి చెప్పేటప్పుడు ఇది కూడా వినిపిస్తున్నాను.

కీబోర్డు గారు చెప్పిన విషయాన్ని నా భాషలో చెప్పుకుంటే నాకు ఇంకా బాగా అర్థమైంది. మీ పెంటటానిక్ పెట్టె మాకు శుద్ధ ధన్యాసి: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఆయన కావాలంటున్న ఏ ఫ్లాట్ శుద్ధ ధైవతం, బి నాచురల్ కాకలి నిషాదం. అంటే కింద కార్డ్ మారినప్పుడల్లా ఒక అన్యస్వరం, అంటే ఆ రాగంలో లేని స్వరం, ఇంట్లోకి రమ్మని పిలుపు వస్తోందన్నమాట. మా సంప్రదాయంలో అన్యస్వరాన్ని నేరుగా తెచ్చి పడేయరు. పక్క స్వరం నుంచి జార్చి, పరిచయం చేసి, నిలుపుతారు. మీకు ఆ ఏ ఫ్లాట్ పాఠంలా వినిపిస్తోందంటే దాన్ని మీరు ఫ్రెట్ మీద నొక్కి నిటారుగా నిలబెడుతున్నారేమో చూసుకోండి. జి మీద ఉండి తీగను మెల్లగా అర మెట్టు లాగి ఏ ఫ్లాట్‌కు చేరండి, అక్కడ కాసేపు ఊపిరి పోయనిచ్చి మళ్లీ జికి దించండి. లాగడం రాక్ వారికి బాగా వచ్చు. దించడం ఎవరూ సాధన చేయరు. గొంతులో ఏడుపు దిగేటప్పుడే వినిపిస్తుంది.

చివరగా ఊపిరి. మా ఇంటి పక్కన పెళ్లిళ్లకు వెళ్లే బ్యాండు మేళం వాళ్లు ఉంటారు. అందులో క్లారినెట్ వాయించే పెద్దాయన ఒకరు సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని పాత పాటలు వాయించుకుంటారు. ఒకసారి దగ్గరగా కూర్చుని చూశాను. పల్లవిలో ఒక మాట పూర్తికాగానే ఆయన పెదవుల మూలలు కొంచెం విడివడి గాలి లోపలికి పోతుంది, భుజాలు ఒక్క అంగుళం లేస్తాయి, తరువాతి మాట మొదలవుతుంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోటనే ఆయనా తీసుకుంటారు, ఆ చోటు మారదు. ఊరేగింపు మధ్యలో, వంద మంది అరుస్తున్న వీధిలో కూడా అందరికీ ఆ పాట మాటలతో సహా వినిపించడానికి కారణం అదే. మీ గిటారుకు ఊపిరి అక్కరలేదు, నా వయొలిన్‌కూ అక్కరలేదు. అందుకే మనిద్దరం ఆగడం మరిచిపోతాం. మీ రచనలో రెండు పదాల మధ్య నిజంగా ఊపిరి తీసుకుని, తీసుకుంటున్నంతసేపూ వాయించకుండా ఉండి చూడండి.

లయ గురించి ఒక్క మాట. ఆ ఆల్బమ్‌లో ‘స్కాటర్‌బ్రెయిన్’ తొమ్మిది లెక్కలో, ‘డైమండ్ డస్ట్’ ఐదు లెక్కలో నడుస్తాయి. సంకీర్ణం, ఖండం మనకు కొత్త కాదు, తకతకిట చేతిమీద వేసుకుంటూ వింటే పది నిమిషాల్లో కుదిరిపోతాయి. అక్కడ మీరు భయపడవలసిందేమీ లేదు.

---

మంచిర్యాల_సౌండ్

మేడమ్ గారు రాసిన దానికి శబ్దం వైపు నుంచి కొంచెం చేర్చుతాను. ‘కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ మొదట్లో స్వరం దెబ్బ కొట్టినట్టు మొదలవదు, దూరం నుంచి తేలి వస్తుంది. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తగిలే క్షణంలో గిటారు వాల్యూమ్ సున్నా మీద ఉంటుంది. తగిలిన తరువాత చిటికెన వేలితో నాబ్ తిప్పితే, దెబ్బ శబ్దం పోయి స్వరం మాత్రం మిగులుతుంది. రాయ్ బుకానన్ అనే గిటారిస్టుకు ఇది పెట్టింది పేరు, బెక్ ఆ రచనను ఆయనకే అంకితమిచ్చారు. వాయించిన గిటారు కూడా ప్రత్యేకమైనది. ఫెండర్ టెలికాస్టర్ గిటారు ఒంట్లో గిబ్సన్ హంబకర్ పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) బిగించి సేమూర్ డంకన్ తయారుచేసి ఇచ్చినది. తరువాతి దశాబ్దంలో బెక్ పిక్ కూడా వదిలేసి బొటనవేలితో, వేళ్లతో స్ట్రాటోకాస్టర్ గిటారు వాయించడానికి మారారు.

మీరు అలాంటి గిటారు కొనాలని నేను చెప్పడం లేదు. రాక్ వేదిక మీద మనం డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ప్రభావం) ఎక్కువ పెట్టుకుంటాం, డిస్టార్షన్ పెద్ద దెబ్బనూ చిన్న దెబ్బనూ ఒకే ఎత్తుకు తెస్తుంది. గాయకుడు పక్కన ఉన్నప్పుడు అది పనికొస్తుంది, హెచ్చుతగ్గులు ఆయన గొంతు చూసుకుంటుంది. గాయకుడు లేనప్పుడు ఆ హెచ్చుతగ్గులు మీరే చూసుకోవాలి. ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) మీద ఆ గరగరను పెంచే గెయిన్ సగానికి తగ్గించి, గట్టిగా మీటినప్పుడు మాత్రమే గరగర వచ్చేలా పెట్టుకోండి. మొదటి రెండు రోజులు గిటారు బక్కచిక్కినట్టు అనిపిస్తుంది, ఓర్చుకోండి. మిక్సింగ్‌లో కూడా కంప్రెసర్ పెట్టి ఆ హెచ్చుతగ్గులను చదును చేయవద్దని మీ స్టూడియో వారికి ముందే చెప్పండి.

జార్జ్ మార్టిన్ చెప్పిన ఒక సంగతి ఉంది. ఆల్బమ్ అంతా అయిపోయాక బెక్ ఆయనకు ఫోన్ చేసి, ఒక సోలో నచ్చలేదు, మళ్లీ వాయిస్తానన్నారట. అప్పటికి రికార్డు దుకాణాల్లోకి వచ్చేసింది. నాన్నగారి ప్రశ్న మిమ్మల్ని నెల రోజులుగా వదలకపోవడం వింతేమీ కాదని చెప్పడానికే ఇది రాశాను.

---

హన్మకొండ_ఆరుతీగలు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అక్కా, మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. నా రచన కింద పాట లేదు. కార్డ్స్ ముందు పెట్టుకుని వాటి మీద వేళ్లు నడిపించాను తప్ప, నోటితో ఒక్కసారీ పాడలేదు. పాడబోతే మొదటి నాలుగు బార్ల (తాళం ఆవర్తాల) తరువాత ఏం పాడాలో తెలియలేదు. అక్కడే ఆగి, ఆ రచనను పక్కన పెట్టేశాను.

కొత్తది మొదలుపెట్టాను. మా అమ్మ బతుకమ్మ రోజుల్లో పాడే పాటల్లో ఒకదాని నడక నాకు చిన్నప్పటి నుంచీ గుర్తుంది. ఒకరు చెప్పి ఆగుతారు, చుట్టూ ఉన్నవారు చప్పట్లతో అందుకుంటారు. ఆ ఆగడాన్ని తీసుకున్నాను, వరుస మాత్రం నాదే. ముందు పాడి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. నాకు గొంతు లేదు, కానీ ఎక్కడ ఊపిరి తీసుకున్నానో అందులో స్పష్టంగా వినిపిస్తోంది, ఆ చోట్లను కాగితం మీద గీతలు పెట్టుకుని గిటారు వాయిస్తున్నాను. చప్పట్లు పడే జాగాలో గిటారు పూర్తిగా ఆగుతుంది, అక్కడ కీబోర్డు బదులు చెబుతుంది. కరీంనగర్ సార్ చెప్పినట్టు ఆ బదులు ప్రతిసారీ ఒకేలా ఉండకూడదని అనుకుంటున్నాను. గెయిన్ సగానికి దించాను. జి నుంచి ఏ ఫ్లాట్‌కు లాగి దించేటప్పుడు తీగ ఇంకా వణుకుతోంది, దిగడం చివర స్వరం కొంచెం కింద పడిపోతోంది, దాని మీదే పని చేస్తున్నాను.

కాజీపేట అన్నా, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీకు వీలైతే మీ కీబోర్డు దగ్గరికే వస్తాను. రచన మూడున్నర నిమిషాలు, సి మైనర్, నెమ్మది నడక. కార్డ్స్ రాసి తెస్తాను కానీ మీరు వాటిని ముందుగా చూడవద్దని నా కోరిక. నేను మొదట ఒక్కణ్నే కార్డ్స్ లేకుండా వాయిస్తాను, కింద ఏ కార్డ్ మోగుతోందో మీకు నా గిటారులోనే వినిపిస్తుందో లేదో చెప్పండి. వినిపించని చోట్లు గుర్తు పెట్టుకుని, ఆ తరువాత ఇద్దరం కూర్చుందాం.